పన్నెండు ఫీట్ల రేకు

శివనగర్ అండర్ బ్రిడ్జి దాటినంక ఎడమ పక్క
మాణిక్యం సేటు సిమెంట్ షాపు.
పంతొమ్మిదేండ్లు అక్కడ బిల్లులు రాసిన చెయ్యి ఇది.
పది ఫీట్లవి ఆరు, పన్నెండువి నాలుగు,
జె బోల్టులు రెండు డజన్లు, ఆటో కిరాయి వేరే.
రేకు మీద నెమలి బొమ్మ ఉండేది.
రేకు లోపల ఏ దేశం ఉన్నదో
రాయడానికి బిల్లులో గడి లేదు.

బిగించడానికి ఓదేలు వచ్చేటోడు.
నెత్తిన ఎండ, కాళ్ల కింద రేకు,
ఆక్సా బ్లేడుతో కోస్తుంటే
మీసం మీద తెల్లగా రాలేది.
"పిండి గిర్ని పెట్టినవా ఓదేలన్నా?" అని నవ్వేదాన్ని.
తనూ నవ్వేటోడు, దగ్గుతూ.
పొద్దుగూకినంక ఆ అంగీని
కనకవ్వ గడప బయట నాలుగుసార్లు దులిపి
సబ్బు నీళ్లల్ల వేసేది.

యాకూబ్ షరీఫ్ ఒకనాడు కరపత్రాల కట్ట తెచ్చి
గల్లా పక్కన పెట్టి పోయిండు.
గిరాకీ లేని మధ్యాహ్నం చదివిన.

కెనడా అట.
నారలెక్క ఒలిచే రాయి దొరికే ఊరట,
ఆ రాయి పేరే ఊరికి పెట్టుకున్నరట.
తమ పార్లమెంటు గోడల్లోంచి ఆ నారను
మూతికి గొట్టాలు తగిలించుకున్న మనుషులతోని
పైలంగ తీయిస్తూనే
సంచులల్ల నింపి మనకు అమ్మిండ్రట.

అప్పుడు అక్కడ ఏలింది కన్జర్వేటివ్ పార్టీ.
అంతకు ముందు ఏలినోళ్లూ ఈ సంచులు కుట్టినోళ్లే,
ఆ మాట దాచను.
కాని జెనీవాల దేశాలు కూసున్న నాడు
అడిగింది అమ్మొద్దని కాదు.
కొనేటోనికి ముందే ఒక్క ముక్క చెప్పుమని.
ఇది పీలిస్తే ముప్పు, ఎరుకతోని కొనుక్కో, అని.
మన దేశం కూడ సరే అన్నదట ఆ పూట.
కెనడా అడ్డం చెప్పింది.
పద్ధతిగ వాడితే ఏం కాదన్నది.

పద్ధతి.
ఓదేలు మూతికి తువ్వాల చుట్టేటోడు.
అదీ ఎండకు.

"కన్జర్వేటివ్ అంటే ఏంది?" యాకూబ్‌ను అడిగిన.
"కాపాడేటోళ్లు" అన్నడు, నవ్వకుండ.
దేన్ని కాపాడిండ్రని అడిగితే
"గనుల కాడ ఓట్లుంటయి గదక్కా."
శివనగర్‌లోనూ ఓట్లున్నయి.
వాళ్ల పెట్టెల పడవు, అంతే.

ఎంజీఎంల పెద్ద డాక్టరు కనకవ్వను అడిగిండు,
"బీడీలు చుడుతవా?"
"లేదు సారూ. అంగీలు ఉతుకుత."
టీబీ గోలీలు రాసిచ్చిండు, ఆరు నెలలకు.
ఐదో నెలల గోలీలు మిగిలినయి.
నార వల్లనే అని ఏ కాగితమూ లేదు.
ఉండదు కూడ. దగ్గుకు రశీదు ఇచ్చేదెవరు?

తర్వాత కెనడా గనులు మూసుకున్నది,
తన గడ్డ మీద ఆ నారను నిషేధించుకున్నది,
ఆ ఊరేమో పేరే మార్చుకున్నది.
మా జిల్లాలకూ పేర్లు మారినయి.
బిల్లు బుక్కులు కొత్తవి అచ్చేయించినం.
రేకులు మాత్రం అవే. సంచులు వేరే దేశంవి.

కొత్త బుక్కుల అడుగున ఒక లైను వేయిద్దామన్న.
కోసేటప్పుడు నీళ్లు చల్లండి, ముక్కు మూసుకోండి, దుమ్ము విషం.
మాణిక్యం సేటు కళ్లద్దాలు తీసి చూసిండు.
"గిరాకీ పోతది. పద్ధతిగ వాడితే ఏం కాదమ్మా."

జెనీవా ఎంత దూరమని అనుకున్న ఇన్నేండ్లు.
గల్లాకు అవతలి కుర్సీ.

ఇగ పెన్సిలుతోని బిల్లు వెనక రాసుడు మొదలుపెట్టిన.
ఓదేలుకు చదువు రాదు.
సేటు అన్నానికి పోయినంక
వెనక్కి తిప్పి, నిమ్మలంగ చదివి వినిపించిన.
మొత్తం విన్నడు.
కాగితం మడిచి జేబుల పెట్టుకున్నడు.
పన్నెండు ఫీట్ల రేకు నెత్తి మీదికి ఎత్తుకుంటూ,
"ఇప్పుడు చెప్తున్నవా?" అన్నడు.